ఫిరంగులకు లొంగని కోట, సంతకాలతో చేతులు మారింది

అమెరికాలోని ఫ్లోరిడా తీరాన సెయింట్ అగస్టీన్ పట్టణంలో ఉన్న కాస్టిల్యో డి శాన్ మార్కోస్ కోటను ముట్టడించి గెలిచిన సైన్యం ఒక్కటీ లేదు. అయినా ఆ కోట ఐదుసార్లు చేతులు మారింది. అందులో మూడు మార్పులు ఎక్కడో దూరాన కుదిరిన ఒప్పందాల వల్ల జరగగా, మిగిలిన రెండూ పోరు లేకుండానే ముగిశాయి. నేడు జాతీయ స్మారకంగా ఉన్న ఈ కట్టడం ఎవరి చరిత్ర అన్న ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది.

స్పెయిన్ 1565లో ఈ పట్టణాన్ని స్థాపించింది. తర్వాత వందేళ్లకు పైగా దానికి కాపలాగా ఉన్నవి కొయ్య కోటలే. తేమకు, చెదకు, మంటలకు అవి ఒకదాని తర్వాత ఒకటి నాశనమయ్యాయి. 1586లో ఇంగ్లీషు నౌకా నాయకుడు ఫ్రాన్సిస్ డ్రేక్ పట్టణాన్ని తగలబెట్టాడు. 1668లో రాబర్ట్ సెర్ల్ అనే సముద్రపు దొంగ రాత్రివేళ దిగి దోచుకున్నాడు. 1670లో ఇంగ్లీషువారు ఉత్తరాన చార్ల్స్‌టన్‌ను నెలకొల్పడంతో, రాతి కోటకు అప్పటికే అనుమతి ఇచ్చిన స్పెయిన్‌కు ఇక జాప్యం చేసే వీలు లేకపోయింది. స్పెయిన్ ఏలుబడిలో ఉన్న క్యూబాలోని హవానా నుంచి వచ్చిన ఇంజనీరు ఇగ్నాసియో దాసా పర్యవేక్షణలో 1672లో మొదలైన నిర్మాణం 1695 నాటికి పూర్తయింది.

గోడలకు వాడిన రాయి కొకీనా. చిన్న చిన్న గవ్వలు, ఆల్చిప్పలు యుగాలపాటు అతుక్కుని గట్టిపడగా ఏర్పడిన ఈ రాయిని ఎదురుగా ఉన్న అనస్తాసియా దీవిలో తవ్వి, ఆరబెట్టి, పడవల్లో తెచ్చేవారు. సున్నం కోసం ఆల్చిప్పలనే కాల్చారు. ఈ శ్రమలో చాలా భాగం క్రైస్తవ మత ప్రచారకుల మిషన్ గ్రామాల నుంచి రప్పించిన గ్వాలే, టిముకువా, అపలాచీ అనే ఆదివాసీ తెగలవారిది. కోట గొప్పతనం చెప్పేటప్పుడు ఇంజనీరు పేరు ముందు వస్తుంది కానీ, రాయి మోసిన ఈ తెగల ప్రస్తావన చివరికెప్పుడో వస్తుంది. కొకీనా లోపలంతా సందులు ఉండటం వల్ల ఫిరంగి గుండు తగిలితే గోడ పగిలిపోకుండా, గుండు అందులోనే దిగబడిపోయేది.

ఆ సంగతి 1702లో తేలింది. ఇంగ్లీషు వలస కరొలైనా గవర్నరు జేమ్స్ మూర్ పట్టణాన్ని ఆక్రమించగా, సుమారు 1,500 మంది కోటలో తలదాచుకుని దాదాపు యాభై రోజులు నిలబడ్డారు. హవానా నుంచి ఓడలు రావడంతో మూర్ పట్టణాన్ని తగలబెట్టి వెనుదిరిగాడు. 1740లో మరో ఇంగ్లీషు వలస జార్జియా నుంచి వచ్చిన జేమ్స్ ఓగల్‌థోర్ప్ 27 రోజులు గుళ్లు కురిపించినా ఫలితం దక్కలేదు. ఆ దాడికి ఒక కారణం కోటకు కొద్ది దూరంలో ఉన్న ఫోర్ట్ మోసే. ఇంగ్లీషు వలసల నుంచి పారిపోయి వచ్చి కాథలిక్ మతం పుచ్చుకున్న బానిసలకు స్పెయిన్ 1693లోనే స్వేచ్ఛ ప్రకటించింది. 1738లో వారికోసం ఏర్పడిన ఊరే ఫోర్ట్ మోసే.

1762లో బ్రిటన్ హవానాను పట్టుకుంది. దాన్ని తిరిగి పొందడానికి స్పెయిన్ 1763 పారిస్ ఒప్పందంలో ఫ్లోరిడాను వదులుకుంది. ఫోర్ట్ మోసే వాసులతో సహా మూడు వేలకు పైగా జనం క్యూబాకు తరలిపోయారు. రెండు ముట్టడులను తట్టుకున్న పట్టణం ఇలా బేరంలో ఖాళీ అయింది. ఫోర్ట్ సెయింట్ మార్క్‌గా పేరు మారిన కోటలో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో బ్రిటిషువారు బందీలను ఉంచారు. 1783 ఒప్పందంతో అది మళ్లీ స్పెయిన్ పాలయింది. 1819లో స్పెయిన్ ఫ్లోరిడాను అమెరికాకు అప్పగించేందుకు ఒప్పుకోగా, 1821లో అప్పగింత పూర్తయింది.

ఫోర్ట్ మారియన్ అని కొత్త పేరు పెట్టుకున్న కోట అమెరికా చేతిలో ప్రధానంగా జైలుగా ఉపయోగపడింది. 1837లో సంధి జెండా నీడలో చర్చలకు వచ్చిన సెమినోల్ అనే ఆదివాసీ తెగ నాయకుడు ఓసియోలాను జనరల్ జెసప్ ఆదేశంతో బంధించి ఇక్కడికే తెచ్చారు. యుద్ధనీతికే మచ్చగా నిలిచిన ఆ చర్యను నాటి అమెరికన్లలోనూ పలువురు ఖండించారు. 1861లో, అంతర్యుద్ధానికి ముందు, అమెరికా నుంచి విడిపోవడానికి సిద్ధమైన ఫ్లోరిడా దళాలు వచ్చేసరికి కాపలాకు ఉన్నది ఒకే ఒక సార్జెంటు. ఆయన రసీదు అడిగి పుచ్చుకుని మరీ కోటను అప్పగించాడు. మరుసటి ఏడాదే అది మళ్లీ కేంద్ర సైన్యానికి దక్కింది.

1875లో షయాన్, కయోవా వంటి మైదాన ప్రాంతపు ఆదివాసీ తెగలకు చెందిన డెబ్బైకి పైగా బందీలను ఇక్కడికి పంపారు. వారి బాధ్యత చూసిన అధికారి రిచర్డ్ హెన్రీ ప్రాట్ వారి జుట్టు కత్తిరించి, సైనిక దుస్తులు తొడిగించి, ఇంగ్లీషు నేర్పించాడు. ఆ అనుభవంతోనే 1879లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్‌లో ఆదివాసీ పిల్లల వసతి పాఠశాల తెరిచాడు. బందీలు తమ వేటలను, యుద్ధాలను, ప్రయాణాన్ని జమాఖర్చుల ఖాతా పుస్తకాల్లో బొమ్మలుగా గీశారు, వాటిని పర్యాటకులు కొనుక్కునేవారు. 1886లో సుమారు 500 మంది అపాచీ తెగవారిని తెచ్చి కుక్కారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. అమెరికా సైన్యానికే దారి చూపిన వేగులు కూడా కొందరు వారిలో ఉన్నారు. పిల్లల్లో అనేకులను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి కార్లైల్‌కు పంపించారు.

1900లో సైనిక అవసరం తీరింది. 1924లో కోట జాతీయ స్మారకమైంది, 1933లో నేషనల్ పార్క్ సర్వీస్ చేతికి వచ్చింది, 1942లో చట్టం ద్వారా స్పానిష్ పేరు తిరిగి దక్కింది. ఆ పేరు సందర్శకుడి దృష్టిని కట్టినవారి కాలం వైపు, ముట్టడుల వైపు తిప్పుతుంది. సెమినోల్, షయాన్, కయోవా, అపాచీ వారసులకు మాత్రం ఇది ఇప్పటికీ ఫోర్ట్ మారియనే.