ఫలితం రాకముందే మందు: ట్రాన్స్‌జెండర్ పిల్లల వైద్యంపై తగువు ఎక్కడ మొదలైంది?

ట్రాన్స్‌జెండర్ పిల్లలకు యుక్తవయసు మార్పుల్ని ఆపే మందులపై బ్రిటన్ నిషేధం, అలాంటి వైద్యంపై అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వీడియోలు విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ తిరుగుతున్నాయి. పిల్లల్ని పాడుచేసే మందులని ఒకరు, ప్రాణం నిలబెట్టే మందులని ఇంకొకరు. ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించిన మన సుప్రీంకోర్టు నల్సా తీర్పు, ట్రాన్స్‌జెండర్ల హక్కులపై 2019 చట్టం ఎలా వచ్చాయో పాఠకులకు తెలిసిందే కాబట్టి అక్కడికి పోను. ఈ తగువుకి మూలం 2014లో లండన్‌లో పడిన ఒక అడుగు.

యుక్తవయసు మార్పుల్ని ఆపే ఇంజెక్షన్లు (బ్లాకర్లు) అప్పటికి కొత్తవేం కావు. ఎనిమిదేళ్ళు నిండకుండానే ఈడుకొస్తున్న ఆడపిల్లలకు 1980ల నుంచి ఇస్తున్నవే. లూప్రోలైడ్ లాంటివి మన దేశంలోనూ వాడతారు. ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్లు వాటిని ఇంకో పనికి, పుట్టినప్పుడు రాసిన లింగం తమది కాదనే పిల్లల కోసం తీసుకున్నారు: 12 ఏళ్ళకు బ్లాకర్, 16కి తాము కోరుకునే లింగపు హార్మోన్లు, 18 దాటాకే ఆపరేషన్. చిన్నప్పటి నుంచీ ఒకటే మాట మీదున్న, ఇంట్లో అండ ఉన్న, వేరే మానసిక సమస్యలు పెద్దగా లేని పిల్లల్నే చేర్చుకున్నారు. మొదటి 70 మంది గురించి 2011లో, వారిలో 55 మంది గురించి 2014లో రాశారు. పిల్లలు కుదుటపడ్డారన్నారు. ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్‌తో ఒకరు చనిపోయిన సంగతీ అందులోనే ఉంది, దాన్ని ఎత్తేవాళ్ళు తక్కువ.

ట్రాన్స్‌జెండర్ పిల్లల్ని చూసే లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్ అదే పద్ధతిని 2011లో 12–15 ఏళ్ళ పిల్లలు 44 మందితో పరిశోధనగా మొదలుపెట్టింది. అది పూర్తికాకుండానే 2014లో ఆ మందు మామూలు చికిత్స అయిపోయింది. ఫలితాలు బయటికొచ్చింది 2020 డిసెంబర్‌లో. ఆరేళ్ళ తేడా! మానసికంగా చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు; ఎముకల సాంద్రత ఆ వయసుకు పెరగాల్సినంత పెరగలేదు. 44లో 43 మంది హార్మోన్లకు వెళ్ళారు. ఎంపిక సరిగ్గా జరిగిందనడానికి అదే రుజువని క్లినిక్ వైపు వాళ్ళంటారు. ఆలోచించుకోవడానికి వ్యవధి అని చెప్పి ఇచ్చిన మందు దాదాపు అందర్నీ ఒకే దారిలో పంపిందంటే అది వ్యవధి ఎలా అవుతుందని విమర్శకులు అడుగుతారు. దీనికి సూటి జవాబు ఇప్పటికీ రాలేదు.

ఈలోపు టావిస్టాక్‌కు వచ్చే పిల్లలే మారిపోయారు. 2011–12లో 250 లోపు ఉన్న రిఫరల్స్ (అక్కడికి పంపిన కేసులు) 2021–22కి 5,000 దాటాయి. పుట్టుకతో ఆడపిల్లలుగా నమోదైనవాళ్ళే ఎక్కువయ్యారు. చాలామందికి డిప్రెషనో ఆటిజమో కూడా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ ఎంచుకున్న పిల్లలకూ వీళ్ళకూ పోలిక తక్కువ. 2024 ఏప్రిల్‌లో బ్రిటన్ పిల్లల డాక్టర్ హిల్లరీ క్యాస్ ఇచ్చిన నివేదిక ఈ చికిత్సకు ఆధారాలు బలహీనమని తేల్చింది. అంతకు నెల ముందే అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఈ పిల్లలకు బ్లాకర్లు మామూలుగా రాయడం మానేసింది. ఫిన్లాండ్ 2020లోనే, స్వీడన్ 2022లో వెనక్కి తగ్గాయి.

అమెరికాలో జరిగింది వేరు. అక్కడ డాక్టర్ల కంటే ముందు శాసనసభలు దిగాయి. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు 6–3తో టెనెసీ రాష్ట్రం మైనర్లకు ఈ చికిత్సపై పెట్టిన నిషేధాన్ని నిలబెట్టింది. అలా నిషేధించే అధికారం రాష్ట్రానికి ఉందా అన్నదే కోర్టు చూసింది, మందు పనిచేస్తుందా లేదా అన్నది కాదు. వాట్సాప్ వీడియోలు ఈ తేడా చెప్పవు.

బలహీన ఆధారం అంటే హాని రుజువైనట్టు కాదని చికిత్సను సమర్థించేవాళ్ళ వాదన. పిల్లల వైద్యంలో చాలా మందులది ఇదే పరిస్థితి, ఆపేస్తే గొంతూ మీసమూ ఆగవు కదా అంటారు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ వైద్య సంఘాలు 2025 మార్చిలో ఈ చికిత్సకు చోటిస్తూనే మార్గదర్శకాలు తెచ్చాయి.

ఇక విశాఖ. గొంతు మారుతోందని గదిలోంచి బయటికి రావడం మానేసిన ఇంటర్ కుర్రాడిని ఉత్తరాంధ్రలో ఎంతమంది తల్లిదండ్రులు తిన్నగా ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకొస్తారు? చాలా ఇళ్ళలో ముందు తాయెత్తు, తర్వాత తిట్లు, ఆ తర్వాతే డాక్టరు. ట్రాన్స్‌జెండర్ అన్న భావాన్నే మార్చేస్తానని వైద్యం చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పు అని జాతీయ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. మరి ఏం చేయాలి? 2019 చట్టం ప్రకారం మైనర్ ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రానికి తల్లిదండ్రులో సంరక్షకులో కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలి. సెక్షన్ 15 హార్మోన్ చికిత్స, కౌన్సెలింగ్ ప్రభుత్వ బాధ్యతంటుంది, కానీ వయసు మాటెత్తదు. ఆపరేషన్ల మాన్యువల్‌ను ‘డబ్ల్యూపాత్’ అనే అంతర్జాతీయ వైద్య సంఘం మార్గదర్శకాల ప్రకారం తేవాలంటుంది. ఆ సంఘం 2022 సెప్టెంబర్‌లో కొత్త పుస్తకం తెచ్చి, కనీస వయసుల్ని అచ్చువేసిన కొద్దిరోజులకే తీసేసింది. పదిహేనేళ్ళ పిల్లల గురించి ఇక్కడి డాక్టరు ఆ చట్టం తెరిస్తే చివరికి చేరేది ఆ ఖాళీకే. లండన్ పదేళ్ళు ఆలస్యంగానైనా లెక్కలు చూసుకుంది. ఇక్కడ చికిత్స పొందే పిల్లల వివరాలు ఏళ్ళ తరబడి రాసిపెట్టాలన్న మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.