అమర సైనికుల కుటుంబాల చెంతకు కుక్కలు ఎలా వచ్చాయి?

అమెరికాలో మే చివరి సోమవారం మెమోరియల్ డే. ఆ వారాంతంలో సైనికులను పోగొట్టుకున్న కుటుంబాలు వాషింగ్టన్ పరిసరాలకు చేరుకుంటాయి. వాళ్ల కోసం ‘ట్యాప్స్’ సంస్థ జరిపే శిబిరంలో పిల్లల మధ్య థెరపీ డాగ్స్, అంటే ఓదార్పునివ్వడానికి తెచ్చే కుక్కలు కూడా తిరుగుతుంటాయి. నాన్న గురించి అడిగితే నోరు విప్పని పిల్లాడు కుక్క చెవులు నిమురుతూ దానితో ఏదో చెప్పుకుంటాడు. అది ఎదురు ప్రశ్న వేయదు, ‘అయ్యో పాపం’ అనదు. ఆ మాట విని విని విసిగిన పిల్లలకు అదే పెద్ద ఊరట.

మెమోరియల్ డే మొదలైంది సమాధుల కోసం. అంతర్యుద్ధం ముగిసిన మూడేళ్లకు, జనరల్ జాన్ లోగన్ పిలుపుతో 1868 మే 30న సైనికుల సమాధులపై పూలు ఉంచారు. మిగిలినవాళ్ల దుఃఖానికి ఆసరా మాత్రం మెల్లగా వచ్చింది. 1992లో అలాస్కాలో సైనిక విమానం కూలి బ్రిగేడియర్ జనరల్ టామ్ కారొల్‌తో సహా ఎనిమిది మంది చనిపోయారు. ఆయన భార్య బానీ కారొల్ 1994లో స్థాపించిందే ట్యాప్స్.

కుక్కలు వచ్చిన దారి వేరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో న్యూగినీలో దొరికిన స్మోకీ అనే బుల్లి యార్క్‌షైర్ టెరియర్ ఆస్పత్రిలో గాయపడ్డ సైనికుల మంచాల దగ్గర తిరిగి వాళ్లను నవ్వించేది. తన కుక్క జింగిల్స్ పక్కనుంటే ముభావంగా ఉండే పిల్లలు కూడా మాట్లాడుతున్నారని మనస్తత్వ నిపుణుడు బోరిస్ లెవిన్సన్ 1962లో రాశాడు. తోటి నిపుణుల్లో కొందరు అప్పట్లో ఎగతాళి చేశారు. 1976లో ఎలైన్ స్మిత్ అనే నర్సు థెరపీ డాగ్స్ ఇంటర్నేషనల్ ప్రారంభించాక ఆస్పత్రుల్లో కుక్కల రాకపోకలు పెరిగాయి.

సైన్యం మాత్రం కుక్కను సామగ్రి పద్దులోనే రాసుకుంది. వియత్నాంలో పనిచేసిన వేలాది కుక్కల్లో చాలావాటిని అక్కడే వదిలేసింది. రిటైరైన కుక్కలను పెంచుకోవడానికి వీలు కల్పించిన ‘రాబీ చట్టం’ 2000లో గానీ రాలేదు.

అసలు మలుపు లెక్స్ అనే సైనిక కుక్క. 2007 మార్చి 21న ఇరాక్‌లోని ఫలూజాలో జరిగిన దాడిలో మెరైన్ కార్పొరల్ డస్టిన్ లీ చనిపోయాడు. అతని వయసు ఇరవై ఏళ్లు. అతనితో పనిచేసే జర్మన్ షెపర్డ్ లెక్స్ ఒంట్లోనూ ఇనుప ముక్కలు దిగాయి. కుక్కను తమకివ్వమని మిసిసిపీలోని తల్లిదండ్రులు అడిగితే, దానికి ఇంకా సర్వీసు మిగిలి ఉందని సైన్యం అంది. నెలల తరబడి పట్టు విడవకుండా అడిగి, డిసెంబరులో సాధించుకున్నారు. సర్వీసులో ఉన్న కుక్కను అమరుడి కుటుంబానికి ఇవ్వడం అదే మొదటిసారి. పద్దుల్లో ‘సామగ్రి’ అనిపించుకున్నది ఆ ఇంటికి కొడుకు ఆఖరి గుర్తుగా చేరింది. ఏ వైద్య పరిశోధనా అంత పని చేయలేదని నా అభిప్రాయం.

నాలుగేళ్లకు, 2011 ఆగస్టులో, అఫ్గానిస్థాన్‌లో హెలికాప్టర్ కూలి చనిపోయిన నేవీ సీల్ (నౌకాదళ కమాండో) జాన్ టమిల్సన్ అంత్యక్రియలు అయోవాలో జరిగాయి. జెండా కప్పిన శవపేటిక ముందు అతని లాబ్రడార్ హాకై కదలకుండా పడుకుంది. ఆ ఫొటో దేశమంతా తిరిగింది.

నియమాలు మాత్రం ఇంత దూరం రాలేదు. అమెరికా వికలాంగుల చట్టం దృష్టిలో సర్వీస్ డాగ్ అంటే నిర్దిష్టమైన పనికి శిక్షణ పొందినది. కేవలం ఓదార్పునిచ్చే కుక్క ఆ లెక్కలోకి రాదు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలోకి పెంపుడు జంతువులను రానివ్వరు, సర్వీస్ డాగ్స్‌కు మినహాయింపు ఉంది. రోజూ అంత్యక్రియలు జరిగే చోట కట్టడి ఉండాల్సిందే, కాదనలేం. కానీ ఇరాక్, అఫ్గాన్ యుద్ధాల్లో పోయినవాళ్లలో వందలాది మందిని ఖననం చేసిన 60వ సెక్షన్ అక్కడే ఉంది. శిబిరంలో తోడున్న కుక్క పిల్లాడితో పాటు ఆ సమాధి దాకా వెళ్లే హక్కు దానికి లేదు. సర్వీస్ డాగ్స్ శిక్షణపై 2021లో వచ్చిన చట్టం కూడా పీటీఎస్‌డీతో (భయానక అనుభవాల తర్వాత వచ్చే మానసిక రుగ్మతతో) బాధపడే మాజీ సైనికుల కోసం ఉద్దేశించినదే. అమరుల భార్యాబిడ్డలకు ఈ విషయంలో ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలే దిక్కు.