లోపలి కుట్టు చూడండి: స్వతంత్ర డిజైనర్ల దుస్తులపై అపోహలు - వాస్తవాలు

ఒక్కో నమూనాను పదుల సంఖ్యలో మాత్రమే కుట్టే డిజైనర్లలో నేనూ ఒకరిని. ఇలాంటి దుస్తులను చూడగానే మనసు పారేసుకునేవారు చాలామందే ఉన్నారు గానీ, వాటిలో నిజంగా మనసు పడదగినదేదో, పైమెరుగు ఏదో తేల్చుకోవడానికి కొన్ని పాత అభిప్రాయాలు అడ్డుపడుతున్నాయి. వాటిలో కొన్ని తయారీదారుల పనిని అన్యాయంగా తక్కువ చేస్తాయి. మరికొన్ని అర్హతకు మించి ఎక్కువ చేస్తాయి. రెండవ రకం వల్లనే కొనేవారికి ఎక్కువ నష్టమని నా అభిప్రాయం.

అపోహ: చిన్న డిజైనర్లు కేవలం పేరు చూపి అధిక ధర వసూలు చేస్తారు.

వాస్తవం: ఆ ధరలో, అసలు బట్టకు కత్తెర తగలకముందే జరిగిన పని చాలా ఉంటుంది. మొదట ప్యాటర్న్, అంటే బట్టను ఏ ఆకారంలో కత్తిరించాలో చూపే నమూనా గీత, గీయాలి. ముతక నూలుబట్టతో ఒక నమూనా కుట్టి, మనిషికి తొడిగి, భుజం దగ్గర లాగుతున్నదా, చెయ్యి ఎత్తినప్పుడు నడుము పైకి జరుగుతున్నదా అని చూసి, విప్పి, మళ్ళీ గీయాలి. ఆపైన దానిని అన్ని సైజులకూ పెంచుతూ, తగ్గిస్తూ గ్రేడింగ్ చేయాలి. ఈ పనంతటికీ 40 గంటలు పట్టిందనుకుందాం. 20,000 దుస్తులు కుట్టే కర్మాగారంలో ఒక్కోదాని వాటాకు వచ్చేది 7 సెకన్ల పైచిలుకు. 20 మాత్రమే కుట్టే చోట అది 2 గంటలు. అయితే ఈ లెక్కను అడ్డం పెట్టుకొని, టోకున కొన్న సాదా చొక్కాకు తమ లేబుల్ తగిలించి అదే ధరకు అమ్మేవారు కూడా ఉన్నారు. ప్యాటర్న్ ఎవరు గీశారని అడిగి చూడండి. స్వయంగా గీసినవారు అడిగినదానికన్నా ఎక్కువే చెబుతారు.

అపోహ: చేతితో చేసిన వస్తువులో లోపాలు సహజం, దాని అందమే అది.

వాస్తవం: చేతిపని మీద గౌరవంతోనే ఈ మాట అంటారని తెలిసినా, విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. తేడా వేరు, లోపం వేరు. చేనేత బట్టలో అక్కడక్కడ ఒక పోగు లావుగా కనిపించడం, చేతి అద్దకంలో ఒక అచ్చు వెంట్రుకవాసి పక్కకు జరగడం తేడాలు మాత్రమే. వాటివల్ల దుస్తు మన్నికకు గాని, అది ఒంటిమీద నిలిచే తీరుకు గాని హాని లేదు. కుట్టు లోపల వదిలిన బట్ట మరీ సన్నమై పోగులు జారిపోవడం, రెండు ఉతుకులకే పక్క కుట్టు మెలితిరిగి ముందుకు రావడం లోపాలు. నేసిన బట్టలో ఆ మెలికకు తరచుగా కనిపించే కారణం ఒకటే: బట్ట కలిసివస్తుందని ముక్కను పడుగు దిశ (బట్ట పొడవునా సాగే నిలువు పోగుల దిశ) నుంచి కాస్త పక్కకు వంచి కత్తిరించడం.

పడుగు దిశను తెలిసి, ఒక ఉద్దేశంతో తప్పించడం మాత్రం గొప్ప విద్య. పారిస్‌లో 1912లో సొంత దుస్తుల సంస్థను ప్రారంభించిన ఫ్రెంచ్ డిజైనర్ మడలెన్ వియొనే, పడుగుకు 45 డిగ్రీల ఏటవాలుగా కోసిన బట్ట సాగుతూ దేహాన్ని అనుసరించే గుణాన్ని పట్టుకొని, దుస్తు మొత్తాన్నీ ఆ కోత మీదనే నిలబెట్టారు. నమూనాలను మొదట చిన్న కొయ్యబొమ్మ మీద రూపొందించేవారు. ఏటవాలు కోతతో కుట్టినదానిని కనీసం ఒక రోజు వేలాడదీసి, సాగవలసినంత సాగిన తరువాతే కింది అంచును సమం చేసి మడవాలి. ఆ ఒక్క రోజు ఓపిక పట్టనివారి లంగా అంచు కొన్నాళ్ళకే ఒక పక్కకు వేలాడుతుంది.

అందుచేత కొనేముందు దుస్తును తిరగేసి చూడమని అందరికీ చెబుతాను. పలుచని బట్టలో పోగుల అంచు కనిపించకుండా రెండుసార్లు మడిచి కుట్టారా, గళ్ళ బట్ట అయితే గళ్ళు జేబు దగ్గరా పక్క కుట్టు దగ్గరా కలిశాయా, కాజా లోపలి అంచున దారం దట్టంగా ఉన్నదా అన్నవి చూడటానికి రెండు నిమిషాలు చాలు. లోపల ఓవర్‌లాక్ కుట్టు (పోగులు జారకుండా అంచును దారాలతో చుట్టే యంత్రపు కుట్టు) కనిపించగానే నాసిరకమని కొట్టిపారేయకండి. సాగే అల్లిక బట్టకు అదే తగిన కుట్టు.

అపోహ: సహజ రంగు అంటే రసాయనాలు లేనిది, హాని చేయనిది.

వాస్తవం: చాలా మొక్కల రంగులు పోగును గట్టిగా పట్టుకోవాలంటే మధ్యలో ఒక లోహ లవణం కావాలి. పటికతో పెద్దగా ఇబ్బంది లేదు. ఇనుప లవణం ఎక్కువైతే కాలక్రమాన బట్ట పెళుసుబారుతుంది. క్రోమియం లవణాలు విషపూరితం. నీలిమందు దారి వేరు. అది నీటిలో కరగదు కాబట్టి, క్షార ద్రావణంలో దాని రూపాన్ని మార్చి కరిగించి, బట్టను ముంచి తీసి, గాలి తగలనిస్తే నీలం మళ్ళీ పుడుతుంది. 1897 నుంచి విపణిలో ఉన్న కృత్రిమ నీలిమందులోని నీలపు అణువు కూడా అదే. నేను మొక్కల రంగులనే ఎక్కువగా ఇష్టపడతాను. వాటి లోతు మీద నాకున్న మమకారమే దానికి కారణం. పసుపుతో అద్దిన బట్ట ఎండకు త్వరగా వెలుస్తుందని, పటిక పట్టించి మంజిష్ఠతో వేసిన ఎరుపు చాలాకాలం నిలుస్తుందని అమ్మేటప్పుడే చెప్పడం మా బాధ్యత.

అపోహ: ఉన్ని ఎంత మెత్తగా ఉంటే అంత మేలైన రకం, పైన చిన్న ఉండలు కడితే అది నకిలీ.

వాస్తవం: పోగు మందం సుమారు 19 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మించని సన్నని కష్మీరీ మేక ఉన్ని కూడా ఉండలు కడుతుంది. పొట్టి పోగులు, తక్కువ పురి ఉన్న దారం చేతికి మెత్తగా తగులుతుంది, కానీ రాపిడికి ఆ పోగులే పైకి లేచి చుట్టుకుంటాయి. బిగువైన పురితో గట్టిగా అల్లినది మొదట్లో కాస్త బిరుసుగా తోచినా ఎక్కువ కాలం మన్నుతుంది. "వెదురు బట్ట" మెత్తదనం విషయంలో ఒక మాట: అలా అమ్ముడయ్యేది చాలావరకు వెదురు గుజ్జును రసాయనాలలో కరిగించి తీసిన విస్కోస్.

అపోహ: దుస్తుల డిజైన్‌కు చట్టరక్షణ ఉండదు కాబట్టి నకలు కొన్నా తప్పు లేదు.

వాస్తవం: రక్షణ దేశాన్ని బట్టి మారుతుంది. ఐరోపా సమాఖ్యలో నమోదు చేయని డిజైన్‌కు కూడా 3 ఏళ్ళు, నమోదు చేసినదానికి గరిష్ఠంగా 25 ఏళ్ళు రక్షణ ఉంది. అమెరికాలో చొక్కా కోతకు కాపీరైట్ లేకపోయినా, దాని నుంచి వేరుగా ఊహించుకోగల అలంకరణకు ఉండవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. నకళ్ళతో విసిగిన వియొనే తన లేబుళ్ళ మీద బొటనవేలి ముద్ర వేసేవారు. నేను నెలల తరబడి సరిదిద్దుకున్న ఒక జేబు, ఒక పెద్ద సంస్థ కోటు మీద అచ్చంగా అలాగే కనిపించినప్పుడు నాకు ఆవిడ గుర్తుకు వచ్చారు. వారు జేబు ఆకారాన్ని తీసుకున్నారు గానీ, లోపలి నుంచి దాని బరువును భుజం కుట్టుకు చేర్చే పట్టీని గమనించలేదు.

అపోహ: చిన్నచోట కొంటే తరువాత పట్టించుకునేవారు ఉండరు.

వాస్తవం: చాలా సందర్భాలలో దీనికి విరుద్ధంగానే జరుగుతుంది, ఎందుకంటే ఆ ప్యాటర్న్, దానిని గీసిన మనిషి ఒకేచోట ఉంటారు. అయినా చిన్న కార్ఖానాలు మూతపడటం అరుదు కాదు కనుక, కొనేటప్పుడే ఒక గుండీ, జానెడు బట్ట అడిగి తీసుకోవడం మంచిది. నేను ఆ బట్టముక్కను కోటు లోపలి జేబులో పెట్టి, ఉతికినప్పుడల్లా దానిని కూడా కలిపి ఉతకమని చెబుతాను. ఏళ్ళ తరువాత మోచేయి చిరిగి ఒక కోటు నా దగ్గరకు తిరిగి వచ్చినప్పుడు, కొత్త తాను నుంచి కోసిన ముక్క దాని పక్కన పరాయిగా కనిపించింది. దానితోపాటే ఉతికి, దానితోపాటే వెలిసిన ఆ జానెడు ముక్క మాత్రం అతుకు ఎక్కడుందో వెతుక్కోవలసినంతగా కలిసిపోయింది.