అమరులైన మన ఊరి సైనికులు: తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

సైన్యంలో క్లర్క్‌గా చేసి రిటైరయ్యాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని సైనిక కుటుంబాలకు కాగితాల పనిలో సాయం చేస్తున్నాను. పెన్షన్ అర్జీలతో మొదలైన పని తాతముత్తాతల వివరాలు వెతికిపెట్టడం దాకా వచ్చింది. జూలై 26 కార్గిల్ విజయ్ దివస్, డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం దగ్గరపడితే ఫోన్లు పెరుగుతాయి. "మా తాత పేరు ఎక్కడైనా రాసుంటుందా బాబూ?" అని అడుగుతారు. చాలాసార్లు ఉంటుంది. కానీ మనం వెతికేది వేరే చోట.

అపోహ: దేశం కోసం పోయినవాళ్లందరి పేర్లూ ఇండియా గేట్ మీద ఉంటాయి.

ఇండియా గేట్ 1931లో ప్రారంభమైంది. దాన్ని కట్టింది మొదటి ప్రపంచ యుద్ధంలో, 1919 నాటి ఆఫ్ఘన్ యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం. దాని మీద చెక్కిన పేర్లు 13 వేల పైచిలుకు. 1947 తర్వాత ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లు పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నాయి. అది 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది.

మరి రెండో ప్రపంచ యుద్ధంలో (1939–45) పోయినవాళ్లు? మన జిల్లాల్లో నన్ను ఎక్కువగా అడిగేది ఆ యుద్ధం గురించే, వాళ్ల పేర్లు ఈ రెండు చోట్లా ఉండవు. బర్మాలో చనిపోయి సమాధి తెలియని సుమారు 27 వేల మంది పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద ఉన్నాయి. మలయా వైపు వెళ్లినవాళ్లవి సింగపూర్‌లోని క్రాంజీలో చూడాలి. ఇవన్నీ చూసుకునేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. వాళ్ల వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా వెతుక్కోవచ్చు. దీనికి ఏజెంట్లకు డబ్బులివ్వకండి.

ఇక్కడ నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద మొదటి ప్రపంచ యుద్ధం నాటి భారతీయ అధికారుల పేర్లు చెక్కారు గాని, మామూలు సిపాయిలను ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. అప్పట్లో అందరినీ సమానంగా గౌరవించలేదని ఆ కమిషనే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అందుకే మన వైపు నుంచి పేరు, ఊరు సరిచూసి రాసిపెట్టుకోవడం ఇంత అవసరం.

అపోహ: శ్రీకాకుళం అని, ఇంటిపేరు అని కొట్టి చూస్తే రాలేదు. అంటే లేనట్టే.

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. శ్రీకాకుళం జిల్లా పుట్టిందే 1950 ఆగస్టు 15న. అంతకుముందు ఊరి పేరు ఇంగ్లీషు కాగితాల్లో చికాకోల్. 1936లో ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా ఆ తాలూకా గంజాం జిల్లాలో ఉండేది, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. పాలకొండ, బొబ్బిలి, పార్వతీపురం వైపు వాళ్లయితే మొదటినుంచీ విశాఖపట్నం జిల్లావాళ్లే. విజయనగరం జిల్లా 1979లో గాని రాలేదు. కాబట్టి శ్రీకాకుళం వైపు 1914–18 నాటి మనిషిని గంజాం కింద, 1944 నాటి మనిషిని విశాఖపట్నం కింద వెతకాలి.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. చాలా నమోదుల్లో ఇంటిపేరు ఉండదు. ఒట్టి అప్పన్న, అప్పలస్వామి, సింహాచలం, రాములు అనే ఉంటుంది. మన వైపు ఈ పేర్లు ఇంటికొకటి. పైగా గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాసేశారు. మనిషిని తేల్చేవి తండ్రి పేరు, ఊరు, సర్వీస్ నంబరు. ఈ మూడింటిలో రెండు కలిస్తేనే నేను "ఇతను మీవాడే" అంటాను. ఒకే పేరు కనబడిందని ఫ్లెక్సీ వేయించేస్తామంటే ఆపుతాను. అది ఇంకో ఇంటి బిడ్డ పేరు కావచ్చు.

నంబరు ఎక్కడ దొరుకుతుందంటే, పాత పెన్షన్ కాగితం మీద, డిశ్చార్జ్ బుక్‌లో, లేదా మెడల్ అంచు మీద. మొదటి యుద్ధం మెడళ్ల అంచున నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. చింతపండు పెట్టి తోమితే ఆ అక్షరాలు అరిగిపోతాయి. దయచేసి తోమకండి. మెత్తని గుడ్డతో తుడిచి, ఫోటో తీసి ఉంచండి.

అపోహ: రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లి తిరిగిరాని మనిషి మిలటరీవాడే అయ్యుంటాడు.

కాకపోవచ్చు. మన తీరం నుంచి రంగం వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఓడరేవులో, బియ్యం మిల్లుల్లో కూలి చేసుకున్నవాళ్లు. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్‌ను పట్టుకున్న రోజుల్లో వేలమంది కొండల మీదుగా కాలినడకన అస్సాం, మణిపూర్ దారి పట్టి, దారిలో జబ్బుచేసి పోయారు. వాళ్లు సైనికుల జాబితాల్లో ఉండరు. అయితే సైన్యంలోని పని దళాలైన లేబర్ కోర్, పయనీర్ కోర్‌లో చేరి రోడ్లు వేస్తూ, సామాన్లు మోస్తూ చనిపోయినవాళ్లు ఉంటారు. తుపాకీ పట్టలేదు కదా అని వదిలేయకుండా ఆ పేర్లు కూడా చూడండి. కూలికి వెళ్లిన తాతకు లేని యూనిఫాం తొడగక్కర్లేదు, ఆయన్ని ఆయనగానే తలచుకోవచ్చు.

అపోహ: శవం ఇంటికి రాలేదు, సమాధి లేదు. కాబట్టి ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

చనిపోయినవాళ్లను పేటికలో సొంతూరికి పంపడం 1999 కార్గిల్ యుద్ధంతోనే ఆనవాయితీ అయింది. 1962, 1965, 1971 యుద్ధాల్లో తోటి జవాన్లే చాలామందికి అక్కడే దహనం చేశారు. ఇంటికి టెలిగ్రాం, తర్వాత అతని సామాన్ల పెట్టె వచ్చేవి. ఇప్పటికీ "ఎక్కడో బతికే ఉన్నాడేమో" అనుకునే ముసలమ్మలు మా పల్లెల్లో ఉన్నారు. వాళ్లతో వాదించకండి. రెజిమెంట్ రికార్డ్స్‌కి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఉత్తరం రాయండి. మద్రాస్ రెజిమెంట్ అయితే ఆ ఆఫీసు తమిళనాడు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. జవాబు వస్తే ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించండి.

అపోహ: తిథి తెలియకపోతే పెద్దల్లో కలపకూడదు.

శాస్త్రంలోనే దారి ఉంది. మహాలయ పక్షాల్లో భాద్రపద బహుళ చతుర్దశిని పంచాంగాల్లో శస్త్రహత మహాలయం అంటారు. ఆయుధాల వల్ల పోయినవాళ్లకు ఆ రోజు పెడతారు. తిథి తెలియనివాళ్లకు మర్నాడు అమావాస్య ఉండనే ఉంది. మన వైపు సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టేటప్పుడు ఆ పేరు కూడా పిలవండి, ఆయన ఎక్కడ పోయాడో పిల్లలకు అప్పుడే చెప్పండి. పెళ్లికాకుండా పోయిన కుర్రాళ్ల పేర్లే ఎక్కువగా మరుగునపడుతున్నాయి. తలచుకోవాల్సింది అన్నదమ్ముల పిల్లలే.

అపోహ: పార్థివదేహం మీద కప్పిన జెండాను చితి మీద కూడా ఉంచాలి.

వద్దు. జెండాను కాల్చకూడదని, పూడ్చకూడదని ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది. ముందే తీసి, మడిచి, కుటుంబానికి అందజేస్తారు. ఆ జెండాను, మెడళ్లను, ఉత్తరాలను చెమ్మ తగలని ఒకే పెట్టెలో పెట్టి, పైన పేరు, తండ్రి పేరు, ఊరు, నంబరు, దళం రాసిన కాగితం అంటించండి.