గులాబీ ఎండింది, వేప చిగిర్చింది

హనుమకొండ,
రోహిణి కార్తె

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న చిన్నది ఫోనులో ఏడుపు గొంతుతో అడిగింది: "తాతయ్యా, గులాబీకి రోజూ బడి నుంచి రాగానే నీళ్ళు పోశాను. అయినా ఎండిపోయింది. వీధిలో వేపచెట్టుకు ఎవరూ చుక్క పోయలేదు. అదెలా పచ్చగా ఉంది?" అప్పటికేదో చెప్పి ఊరడించాను గానీ, ఆ ప్రశ్న రాత్రంతా నన్ను వదల్లేదు. అంత మంచి ప్రశ్నను రెండు మాటలతో సరిపెట్టకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి ఎండలో పొలానికి వెళ్ళే మనిషి ఏం చేస్తాడు? తలకు తువాలు చుడతాడు. కడుపు నిండా అంబలి తాగుతాడు. కాళ్ళకు చెప్పులు తొడుగుతాడు. జేబులో ఒక ఉల్లిగడ్డ వేసుకుంటాడు. మొక్కను కూడా ఎండకు బయల్దేరిన మనిషే అనుకోండి. మీ గులాబీకి తువాలూ లేదు, చెప్పులూ లేవు. సిమెంటు వాకిట్లో, నల్లటి ప్లాస్టిక్ కుండీలో నిలబడింది పాపం. కుండీ పక్కలు కాగి వేళ్ళు ఉడికిపోయి ఉంటాయి. నీ తప్పేమీ లేదమ్మా.

ముందు తువాలు సంగతి. మన వరంగల్లులో మే రెండో వారంలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ప్రహరీగోడ ఎంత ఎత్తు కట్టినా ఆ వేళ దాని పక్కనున్న మొక్కకు నీడ దొరకదు. పైగా గోడ పగలంతా వేడి తాగి, రాత్రి కక్కుతుంది. నీడ పైనుంచే రావాలి. అందుకే తోట వేయాలనుకుంటే పూలతో మొదలుపెట్టకండి, నీడతో మొదలుపెట్టండి. ఇంటికి పడమటి వైపు ఒక వేపో కానుగో నాటండి. మూడు దాటాక ఏటవాలుగా వచ్చే పడమటెండ అన్నిటికన్నా కఠినమైనది. కానుగైతే ఎండలు ముదిరేసరికి లేత ఆకుతో మెరిసిపోతూ గొడుగు పట్టేస్తుంది. దాని నీడ అంచున మందారం, నందివర్ధనం పెట్టుకోండి. నీడ అందని చోట తంగేడు, కాగితం పూలు, గన్నేరు పెట్టండి. కాగితం పూల తీగకు నీళ్ళు ఎక్కువైతే ఆకులే వేస్తుంది, కొంచెం దాహంగా ఉంచితేనే విరగబూస్తుంది. గన్నేరు మాత్రం ఆకు నుంచి గింజ దాకా విషం. చూడండి, నోట పెట్టకండి. బతుకమ్మకు తంగేడు అంగడిలో కొంటున్నామని మీ అమ్మ చెప్పింది. గింజలు నాటండి, మీ వాకిట్లోనే పూస్తుంది.

ఇక అంబలి. పొలానికి వెళ్ళేవాడికి గంటకో గుక్కెడు పోస్తే కడుపు నిండుతుందా? మొక్కకూ అంతే. రోజూ పైపైన చల్లితే వేళ్ళు పైనే ఆగిపోతాయి. ముందుగా కాగేది ఆ పైమట్టే. వారానికి రెండు మూడుసార్లు, పొద్దు పొడవకముందు, జానెడు లోతు తడిసేలా నిదానంగా పోయండి. తడిని వెతుక్కుంటూ వేళ్ళు లోపలికి దిగుతాయి. వేప చేసిన పని అదే. వానాకాలంలో నేల తాగిన నీళ్ళను అది ఇప్పుడు లోతుల్లోంచి తోడుకుంటోంది. మనది ఎర్రటి చల్క నేల, నీళ్ళను ఎక్కువసేపు పట్టి ఉంచదు. బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే కొంత ఓపిక నేర్చుకుంటుంది.

నా చిన్నతనంలో మా నాయనమ్మ సొరపాదు పక్కన కుమ్మరి కుండను మెడదాకా పాతిపెట్టి, నీళ్ళు నింపి, పైన పెంకు మూసేది. నింపే పని నాది. "పాదుకు పోయకుండా కుండకు పోస్తావేమిటి?" అని నేనూ నీలాగే అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. పాదు కాపు అయిపోయాక ఆ కుండను తవ్వి తీసి నా ముందు పెట్టింది. కుండ కనబడలేదు! సన్నటి తెల్లటి వేళ్ళు దాని చుట్టూ వల అల్లినట్టు అల్లుకుని ఉన్నాయి. తాగే నీళ్ళ కుండ చెమర్చడం చూశారు కదా, ఆ చెమటనే వేళ్ళు తాగాయన్నమాట. మట్టి ఎండితే కుండ ఎక్కువ చెమరుస్తుంది, తడిగా ఉంటే తగ్గిస్తుంది. ఎవరూ చెప్పకుండా దానికెలా తెలుసు? ఇన్నేళ్ళు గడిచినా అది తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

చెప్పులంటే మొక్క మొదలు చుట్టూ పరిచే ఎండుటాకులు, వరిగడ్డి, పల్లికాయ పొట్టు. మీరు పొద్దున్నే ఊడ్చి తగలబెడుతున్నారే, ఆ ఆకులే! నాలుగు వేళ్ళ మందాన పరచండి, మొదలుకు తగలకుండా కాస్త జరిపి. ఇక ఉల్లిగడ్డ అంటారా, కలబందను చూడండి, తన నీళ్ళను తన ఆకులోనే మూటగట్టుకుని తిరుగుతుంది.

రామప్ప గుడి శాసనం 1213 నాటిది. ఆ పక్కనున్న చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తోంది. పడ్డ వానను పోనివ్వకూడదన్న బుద్ధి మన ఊళ్ళకు అంత పాతది. మృగశిర వానలు రాకముందే డాబా మీది గొట్టాన్ని కొత్త చెట్టు దగ్గర తవ్విన ఇంకుడు గుంతలోకి తిప్పమని మీ నాన్నకు గుర్తు చేయండి. పచ్చగడ్డి పరిచే ఆలోచన మాత్రం మానమనండి. అది తాగే నీళ్ళతో మల్లె, కానుగ, సీతాఫలం మూడూ బతుకుతాయి.

ఇవాళ పొద్దు కుంకాక ఒక పని చేయండి. చెప్పులు విడిచి సిమెంటు వాకిట్లో కాసేపు నిలబడి, అక్కడి నుంచి వేపచెట్టు కిందికి నడవండి. మీ పాదాలకు ఏం తెలిసిందో చూడండి. తర్వాత కింద రాలిన ఆకులను మెల్లగా పుల్లతో తొలగించి, ఆ మట్టి మీద అరచెయ్యి ఆనించండి. అక్కడ ఎవరెవరు కాపురం ఉంటున్నారో లెక్కపెట్టి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య