టర్బో వెనక దారి ఎంత ఖాళీగా ఉండాలి?

టర్బో కారుకు లావాటి డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టం) వేయిస్తే బ్యాక్ ప్రెషర్ (బయటికి పోయే పొగకు ఎదురయ్యే ఒత్తిడి) పోయి ఇంజిన్ నీరసపడుతుందట, నిజమేనా అని ఒక పాఠకుడు అడిగారు. ఇది పాత నమ్మకం, ఎన్నిసార్లు కాదన్నా మళ్లీ మొలుస్తుంది. బ్యాక్ ప్రెషర్ దానంతటది ఏ ఇంజిన్‌కూ పవర్ పెంచదు. టర్బో లేని ఇంజిన్లలో సన్న గొట్టం కొన్నిసార్లు పనికొస్తే, అది గొట్టంలోని ప్రెషర్ తరంగాల పుణ్యం. టర్బో ఉన్న ఇంజిన్లో పొగ తోపుకు తిరిగి, ఇంజిన్‌లోకి గాలి నెట్టే పంపును నడిపే చక్రమే టర్బైన్. దాన్ని దాటేసరికి ఆ తరంగాల్లో పస చాలావరకు పోతుంది.

టర్బైన్‌కు ముందు ఎంత ప్రెషర్ ఉందన్నదే కాదు, వెనక ఎంత ఉందన్నదీ ముఖ్యమే. జలవిద్యుత్ కేంద్రంలో పైన నీటిమట్టం ఎంతున్నా, కింద నీళ్లు కదలక పేరుకుపోతే టర్బైన్‌కు బలం తగ్గుతుంది కదా, ఇక్కడా అంతే. కాకపోతే నీటి దగ్గర లెక్కకొచ్చేది ఎత్తుల తేడా, వాయువు దగ్గర ప్రెషర్ల నిష్పత్తి. అసలు మజా ఈ నిష్పత్తిలోనే ఉంది.

ఒక లెక్క వేద్దాం. టర్బైన్ ముందు 2.4 బార్, వెనక 1.3 బార్ అనుకోండి, వాతావరణ పీడనాన్ని కలుపుకుని. నిష్పత్తి సుమారు 1.85. డౌన్‌పైప్ మార్చి వెనక ప్రెషర్‌ను 1.1కి దించాం. టర్బోకు కావలసిన పని అంతే కాబట్టి నిష్పత్తీ దాదాపు అంతే ఉంటే చాలు. అప్పుడు ముందు వైపు 2.03 బార్ సరిపోతుంది. వెనక తగ్గింది 0.2, ముందు తగ్గింది 0.37! పిస్టన్ పొగను బయటికి తోసే శ్రమ తగ్గుతుంది. సిలిండర్‌లో మిగిలిపోయే వేడి వాయువు కూడా తగ్గుతుంది, దాంతో నాక్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడం) భయమూ తగ్గుతుంది. టర్బో తొందరగా వేగం అందుకుంటుంది.

ఇక సైజు. 2.5 అంగుళాల నుంచి 3 అంగుళాలకు వెళితే గొట్టం అడ్డుకోత 44 శాతం పెరుగుతుంది. ప్రవాహం అంతే ఉంటే ఘర్షణ నష్టం వ్యాసం అయిదో ఘాతానికి విలోమంగా మారుతుంది, అంటే పాత నష్టంలో దాదాపు 40 శాతమే మిగులుతుంది. అక్కడినుంచి ఇంకా లావు చేస్తే మిగిలేది తక్కువ, కారు కింద చోటు కోసం కష్టాలు ఎక్కువ. వంపుల దగ్గర గొట్టం నొక్కుకుపోకుండా వంచిందే తీసుకోండి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి సాధారణంగా పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్. కంపెనీ కన్వర్టర్‌లో చదరపు అంగుళానికి 400, 600 గదులుంటే, స్పోర్ట్స్ రకంలో 200 దాకా ఉంటాయి. దాన్ని పూర్తిగా పీకేసిన పైప్‌ను మాత్రం నేను ఒప్పుకోను. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు శుద్ధి కాకుండా జనం ముక్కుల్లోకి పోతాయి. చాలా దేశాల్లో అది నేరం కూడా. వెనక ఆక్సిజన్ సెన్సర్ కన్వర్టర్ పని చేయట్లేదని పట్టేసి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది.

కొనే ముందు వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బైన్‌కు తగలకుండా పక్కదారిన వదిలే తలుపు) వాయువు వచ్చి కలిసే చోట పైప్ నోటి ఆకారం చూడండి. టర్బైన్ నుంచి సుడి తిరుగుతూ వచ్చే వాయువుకు వేస్ట్‌గేట్ వాయువు అడ్డంగా తగిలితే, కొన్న లాభం అక్కడే పోతుంది. తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి కూడా చోటుండాలి. వేస్ట్‌గేట్ చిన్నదైతే ఇంకో ప్రమాదం ఉంది. వెనక దారి తేలికైపోవడంతో, అది పూర్తిగా తెరుచుకున్నా టర్బైన్ వేగాన్ని ఆపలేదు, బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ప్రెషర్) పెట్టిన హద్దు దాటి పాకుతుంది. పైప్ మార్చాక మొదటిసారి గట్టిగా తొక్కేటప్పుడు బూస్ట్ గేజ్ మీద కన్నుండాలి. హద్దు దాటితే యాక్సిలరేటర్ వెంటనే వదిలేయాలి.