పైరవీ లెక్కకు అందని లాయరు

పైరవీ అనే మాట మనకు ఉర్దూ నుంచి వచ్చింది. ఉత్తరాది కోర్టుల్లో ఇప్పటికీ దానికి అర్థం కేసు నడపడం, కక్షిదారు తరఫున వాదించడం. తెలుగులోకి వచ్చేసరికి సచివాలయం వరండాల్లో ఫైలు వెంట తిరిగే పనైపోయింది. వాషింగ్టన్‌లో ఈ రెండు అర్థాలూ ఒకే లా సంస్థలో, ఒకే గదిలో కూర్చుంటాయి. దాని పేరు ప్రభుత్వ వ్యవహారాల విభాగం. ఆ పని చేస్తూనే ఏ లెక్కకూ అందని నల్లజాతి లాయరు వెర్నాన్ జోర్డన్ కథ ఇది.

మొదట్లో ఆ గదికి అంత మర్యాద లేదు. 1848లో మెక్సికోతో సంధి కుదిర్చిన నికొలస్ ట్రిస్ట్ అనే దౌత్యవేత్తకు అమెరికా ప్రభుత్వం ఇరవై ఏళ్లకు పైగా జీతం బాకీ ఎగ్గొట్టింది. వచ్చిన దాంట్లో పాతిక శాతం ఇస్తానని చెప్పి, కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, పని జరిపించడానికి ఆయన ఒక లాయరును పెట్టుకున్నారు. డబ్బు వచ్చాక వాటా ఇవ్వలేదు. 1874లో సుప్రీంకోర్టు ఇలాంటి ఒప్పందం చెల్లదు పొమ్మంది. లాయరుకు దక్కింది సున్నా.

1946లో పద్ధతి మారింది: పైరవీ చేసుకో, కానీ పేరు నమోదు చేసుకుని లెక్క చూపించు. 1995 నాటి చట్టం ఇంకో గీత గీసింది. ఒక కక్షిదారు కోసం వెచ్చించే సమయంలో కనీసం 20 శాతం లాబీయింగ్‌కు, అంటే పైరవీకి, పోతేనే ఆ మనిషి లాబీయిస్టు. ఈ లెక్కల పుణ్యమా అనే 2012లో అమెరికా దుకాణాల కంపెనీ వాల్‌మార్ట్ లాబీయింగ్ ఖర్చుల్లో భారత మార్కెట్ ప్రస్తావన బయటపడి మన పార్లమెంటు అట్టుడికింది. మన దేశంలో అలాంటి రిజిస్టరే లేదు, అది వేరే కథ.

కానీ గంటలు లెక్కపెట్టే చట్టానికి వెర్నాన్ జోర్డన్ లాంటి మనిషి చిక్కడు.

1935లో అట్లాంటాలో పుట్టారు. అమ్మ కేటరింగ్ చేసేది. నగర లాయర్ల క్లబ్బు విందులకు వంట ఆమెదే. తెల్ల లాయర్ల మాటా దుస్తులూ కుర్రాడు అక్కడే గమనించాడు. హోవర్డ్ యూనివర్సిటీలో లా చదివి, 1961లో జార్జియా యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థుల ప్రవేశం కోసం పోరాడిన లాయర్ల బృందంలో చేరారు. కేసు గెలిచాక, అరుస్తున్న గుంపు మధ్య నుంచి ఆ విద్యార్థుల్లో ఒకరైన షార్లేన్ హంటర్‌ను క్యాంపస్‌లోకి తీసుకెళ్లింది ఆయనే.

ఆ తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారిని ఓటర్లుగా నమోదు చేయించే వోటర్ ఎడ్యుకేషన్ ప్రాజెక్టు నడిపారు. డబ్బంతా ధార్మిక ఫౌండేషన్లది. 1967లో ఫోర్డ్ ఫౌండేషన్ సొమ్ముతో క్లీవ్‌లాండ్‌లో ఓటర్ల నమోదు జరిగింది, కార్ల్ స్టోక్స్ అనే నల్లజాతి నాయకుడు మేయరయ్యారు. కాంగ్రెస్‌లో కొందరికి కడుపు మండింది. 1969 పన్ను చట్టంలో షరతులు పెట్టారు: ఇలాంటి విరాళం పుచ్చుకునే సంస్థ కనీసం అయిదు రాష్ట్రాల్లో పనిచేయాలి, ఒకే దాత నుంచి పాతిక శాతానికి మించి తీసుకోకూడదు. దానం రాజకీయాన్ని తాకితే చట్టం ఎంత వేగంగా కదులుతుందో జోర్డన్ చూసింది ఇక్కడ.

1971లో నేషనల్ అర్బన్ లీగ్ పగ్గాలు ఆయనకు దక్కాయి. నల్లవారికి ఉద్యోగాలు, శిక్షణ ఇప్పించే ఆ సంస్థకు నిధులిచ్చేవి పెద్ద కంపెనీలే కాబట్టి ఛైర్మన్లతో నిత్యం పని. జెరాక్స్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లాంటివి ఆయన్ను తమ బోర్డుల్లో కూర్చోబెట్టాయి. 1980 మే 29న ఫోర్ట్ వేన్‌లో ఒక జాతి విద్వేషి తుపాకీతో కాల్చాడు, చావు తప్పింది. ఆస్పత్రికి అధ్యక్షుడు కార్టర్ వచ్చారు. అప్పుడే మొదలైన సీఎన్ఎన్ వార్తా ఛానెల్‌లో మొట్టమొదటి వార్త ఆ పరామర్శే.

1982లో ఏకిన్ గంప్ అనే లా సంస్థలో చేరారు. కక్షిదారులు ఆయన దగ్గర కొనుక్కున్నది సెక్షన్ల పరిజ్ఞానం కాదని నా అభిప్రాయం. ఇరవై ఏళ్ల ప్రజాసేవలో కూడబెట్టిన పరిచయాలు, నమ్మకం. 1992 అధ్యక్ష ఎన్నికల్లో క్లింటన్ గెలిచాక అధికార మార్పిడి బృందానికి సహ సారథి అయ్యారు, ఇటు ఫీజులూ నడిచాయి. లాబీయిస్టుగా నమోదు కాలేదు. విమర్శకులు పట్టుకున్నది సరిగ్గా దీన్నే. 1998లో, క్లింటన్‌తో సంబంధం వివాదమైన వైట్‌హౌస్ మాజీ ఉద్యోగిని మోనికా లూయిన్‌స్కీకి ఉద్యోగం చూడమని తాను డైరెక్టరుగా ఉన్న రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీకి చేసిన ఫోను ఆయన్ను గ్రాండ్ జ్యూరీ (నేరారోపణకు ఆధారాలున్నాయో లేదో తేల్చే పౌరుల బృందం) ముందు నిలబెట్టింది. ఏ రిజిస్టరులోనూ ఎక్కని పని అది. అదే తరహా ఫోన్లతో ఎందరో నల్లజాతి యువ లాయర్లకు, అధికారులకు కంపెనీల తలుపులు తెరిపించారన్నదీ నిజమే.

2000లో లజార్డ్ పెట్టుబడి బ్యాంకుకు మారారు. 2021 మార్చి 1న కన్నుమూశారు. అదే ఏడాది హోవర్డ్ లా స్కూలు గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు.